విమానం ఎక్కే ముందు

విశాఖపట్నం సముద్రం ఒడ్డున ఉంది. రుషికొండ బీచి, భీమిలి, బొర్రా గుహలు, అరకు లోయ చూడటానికి ఎందరో అక్కడికి వస్తారు. కొందరు రైల్లో వస్తారు. కొందరు విమానంలో వస్తారు.

విశాఖ విమానాశ్రయం నౌకాదళం వారి స్థలంలో ఏర్పడింది. 1981లో అక్కడ మామూలు ప్రయాణికుల విమానాలు మొదలయ్యాయి. 2009లో కొత్త భవనం వచ్చింది. తర్వాత దుబాయి, సింగపూరు వంటి చోట్లకు కూడా అక్కడి నుంచి విమానాలు నడిచాయి. హైదరాబాదు విమానాశ్రయం ముందు అది చిన్నదే. అయినా అది అంతర్జాతీయ విమానాశ్రయం అయింది.

అంతర్జాతీయం అంటే ఏమిటి? దేశాల మధ్య జరిగేది అని అర్థం. మన దేశం దాటి పోవాలంటే టికెట్టు ఒక్కటే చాలదు. పాస్‌పోర్టు కావాలి. దాన్ని మన ప్రభుత్వం ఇస్తుంది. చాలా దేశాలకు వీసా కూడా కావాలి. దాన్ని మనం పోయే దేశం ఇస్తుంది.

విమానాశ్రయం గేటు దగ్గర టికెట్టు, పాస్‌పోర్టు చూస్తారు. లోపల కౌంటరులో సామాను తూస్తారు. సీటు నంబరు ఉన్న చీటీ ఇస్తారు. తర్వాత ఇమ్మిగ్రేషన్ అధికారి పాస్‌పోర్టు, వీసా పరీక్షిస్తారు. పేరు తేడా ఉన్నా, తేదీ దాటినా అక్కడే ఆపుతారు.

అర్ధవీడుకు విశాఖ దూరం. మన వైపు వారు హైదరాబాదులోనో, చెన్నైలోనో విమానం ఎక్కవచ్చు. ఎక్కడ ఎక్కినా పద్ధతి ఇదే. మన పక్కన కడప జిల్లా నుంచి ఎంతోమంది బతుకుతెరువు కోసం కువైట్ పోతారు. వారు ఊళ్ళు చూడటానికి పోవడం లేదు. అప్పు చేసి పోతున్నారు. అందుకే కాగితం ముందే చదవాలి.

ఒక అక్క సంగతి వినండి. ఆమెకు నలభై ఏళ్ళు. కువైట్‌లో ఇంటిపనికి పోదామనుకుంది. ఏజెంటు వీసా తెచ్చాడు. అది ఇంగ్లీషులో ఉంది. ఆమె ఊరుకోలేదు. పదో తరగతి చదివే కొడుకు చేత చదివించింది.

“అమ్మా, ఇందులో విజిట్ అని ఉంది. పని అని లేదు” అన్నాడు కొడుకు.

“ఏం కాదులే అక్కా. ఆడికి పోయినాక మార్చుకోవచ్చు” అన్నాడు ఏజెంటు.

“పని వీసా తెస్తేనే పోతా. ముందు నా పాస్‌పోర్టు నాకియ్యి అన్నా. నేనిచ్చిన డబ్బుకు రశీదు నా దగ్గరుంది” అన్నది అక్క.

ఆమె మాట సరైనదే. విజిట్ వీసా చూసి రావడానికి ఇచ్చేది. దాని మీద కూలికి పోతే అక్కడ నేరం. జరిమానా వేస్తారు. జైలులో పెట్టవచ్చు. జీతం ఇవ్వకపోయినా గట్టిగా అడగలేం.

మన దేశంలో 1983లో వలసల చట్టం చేశారు. విదేశీ పనికి మనుషులను పంపే ఏజెంటుకు ప్రభుత్వ లైసెన్సు ఉండాలని అందులో పెట్టారు. కాబట్టి లైసెన్సు నంబరు అడగాలి. డబ్బుకు రశీదు తీసుకోవాలి. పాస్‌పోర్టు, వీసా, పని ఒప్పందం నకళ్ళు ఇంట్లో ఉంచి పోవాలి. చదవని కాగితం మీద వేలిముద్ర వేయకూడదు. సంతకమూ చేయకూడదు.

ఆలోచించండి – చెప్పండి

1. పాస్‌పోర్టు ఎవరు ఇస్తారు? వీసా ఎవరు ఇస్తారు?
2. అక్క దగ్గర రశీదు లేకపోతే ఏమయ్యేది?
3. మీ ఊరి నుంచి దూరదేశం పోయినవారు ఉన్నారా? వారి కాగితాల నకళ్ళు ఇంట్లో ఉన్నాయా? అడిగి తెలుసుకోండి.