మార్గశిరములో గ్రీష్మము – పసిబిడ్డతో ఆస్ట్రేలియా ప్రయాణము

ఋతుచర్య అనగానే మనకు మొదట మాసముల పేర్లు స్ఫురించును. మాఘ ఫాల్గుణములు శిశిరము, చైత్ర వైశాఖములు వసంతము, జ్యేష్ఠాషాఢములు గ్రీష్మము అని గురుకులములో మేమును అట్లే వల్లె వేసితిమి. అయితే మాసము ఋతువునకు పెట్టిన పేరే గాని ఋతువునకు కారణము కాదు. కారణము సూర్యగతి. ఉత్తరాయణములో సూర్యుడు ప్రాణుల బలమును గ్రహించును గనుక అది ఆదానకాలమనియు, దక్షిణాయనములో బలమును తిరిగి విడుచును గనుక అది విసర్గకాలమనియు వాగ్భటాచార్యుడు అష్టాంగహృదయము సూత్రస్థానము మూడవ అధ్యాయములో చెప్పినాడు. ఆ మాట భూమధ్యరేఖకు ఉత్తరమున నివసించు మనకు చెప్పినది. రేఖ దాటి దక్షిణమునకు పోయినవారికి అది తలక్రిందులగును. మనకు దూరమైన సూర్యుడు వారికి దాదాపు నడినెత్తికి వచ్చును. మనము మార్గశిర పుష్యములలో దుప్పటి కప్పుకొనియుండగా సిడ్నీ, మెల్‌బోర్న్ నగరములలో నడివేసవి. బడులకు పెద్ద సెలవులు కూడ అప్పుడే.

ఈ కార్తికములో ఆత్మకూరు నుండి యువదంపతులు ఇరువది నెలల కుమారునితో మా వైద్యశాలకు వచ్చినారు. తల్లికి అన్నగారు మెల్‌బోర్న్‌లో ఉన్నారు. డిసెంబరు మూడవ వారమున బయలుదేరి సంక్రాంతి పిమ్మట తిరిగి రావలెనని సంకల్పము. వెంట వచ్చిన బిడ్డ నాయనమ్మగారు ఒక సంచిని నా ముందు విప్పినారు. ఉన్ని టోపీ, మందమైన స్వెట్టర్లు, శొంఠి, వాము, జాజికాయ, వసకొమ్ము, కాటుక భరిణె, నువ్వులనూనె సీసా, ఇంట కాచిన నెయ్యి. “విదేశము గదా, చలికి బిడ్డ తట్టుకొనునా అయ్యా?” అని ఆమె అడిగినారు. పరదేశమన్న చలిదేశమే అను తలంపు మనలో అనేకులకున్నది. సోమశిల గట్టున రోహిణికార్తె ఎండ ఎట్టిదో ఎరిగిన ఆమెకు, “అమ్మా, బిడ్డ పోవుచున్నది ఆ ఎండలోనికే” అని చెప్పవలసి వచ్చినది. ఆ దంపతులకు చెప్పిన సంగతులనే, అట్టి ప్రయాణము తలపెట్టిన ఇతరుల ఉపయోగార్థము ఇచ్చట వివరించుచున్నాను.

సుశ్రుతుడు శిశువులను క్షీరపులు, క్షీరాన్నాదులు, అన్నాదులు అని మూడు విధములుగా విభజించినాడు. ఏడాది వరకు పాలు, రెండేండ్ల వరకు పాలును అన్నమును, ఆపైన అన్నము ఆహారముగా గలవారని భావము. ఒకటి రెండేండ్ల బిడ్డ ఈ మధ్యస్థితిలో ఉన్నవాడు. పాలు పూర్తిగా విడువలేదు, అన్నము పూర్తిగా అలవడలేదు. అగ్ని స్థిరపడని ఈ వయస్సుననే విరేచనములు, జ్వరములు త్వరగా పట్టుకొనును. ఇక ఋతుసంధి మాట. ఒక ఋతువులో కడపటి ఏడు దినములు, రాబోవు ఋతువులో తొలి ఏడు దినములు కలిపి పదునాలుగు దినములు ఋతుసంధి. ఆ దినములలో పాత ఋతువు విధిని కొంచెము కొంచెముగా విడుచుచు, కొత్తదానిని కొంచెము కొంచెముగా చేకొనవలెను. ప్రకృతి పదునాలుగు దినములు ఇచ్చుచోట విమానము ఒక్క పగలు, ఒక్క రాత్రి ఇచ్చుచున్నది. చెన్నై నుండి సింగపూరుకు సుమారు 4 గంటలు, అచ్చటి నుండి మెల్‌బోర్న్‌కు సుమారు ఏడున్నర గంటలు. అంతలో హేమంతము పోయి గ్రీష్మము వచ్చును. కనుక విమానము ఇవ్వని సంధిని తల్లియే ఇంటివద్ద కల్పించుకొనవలెను.

అది ఎట్లనగా, బయలుదేరుటకు వారము ముందునుండి హేమంతాహారపు బరువు తగ్గించవలెను. మినుప సున్నుండలు, నేతి మిఠాయిలు, వేపుడులు మాని, బియ్యమును పెసరపప్పును మెత్తగా ఉడికించిన పులగము, పలుచని మజ్జిగ, ఉడికించిన కూరలు అలవాటు చేయవలెను. చేరిన పిమ్మట మరి ఏడు దినములు అదే ఆహారము. క్రొత్త రుచులన్నియు మొదటినాడే పెట్టుట తగదు.

ఆహారమునకంటె నిద్ర క్లిష్టమైనది. వేసవిలో మెల్‌బోర్న్, సిడ్నీ గడియారములు మనకంటె ఐదున్నర గంటలు ముందుండును. మన ఇంట రాత్రి 8 గంటలకు నిద్రించు బిడ్డకు అది అచ్చట అర్ధరాత్రి దాటిన ఒంటిగంటన్నర. పయనమునకు ఏడెనిమిది దినముల ముందునుండి ప్రతిదినము పావుగంట చొప్పున ముందుగా పరుండబెట్టి, ముందుగా లేపవలెను. దీనిచే భేదమంతయు తీరదు గాని రెండు గంటల వరకు సర్దుకొనును. మిగిలినది అచ్చట ఉదయపు లేయెండలో బిడ్డను ఆడించుటచే నాలుగైదు దినములలో సరియగును. మరియొక చిక్కు గలదు. అచ్చట వేసవిలో రాత్రి ఎనిమిదిన్నర దాటువరకు ప్రొద్దు క్రుంకదు. వెలుతురుండగా బిడ్డ పరుండడు. గదికి మందపు తెరలు వేసి చీకటి చేయవలెను.

విమానములో బిడ్డ నిద్రించుటకై జాజికాయ అరగదీసి నాకించుట, గసగసాల కషాయము పట్టుట కొందరు చేయుదురు. ఇవి చేయరాదని నిష్కర్షగా చెప్పుచున్నాను. మోతాదు మించిన జాజికాయ విషమే. గసగసాలు నల్లమందు మొక్కకు సంబంధించినవన్న సంగతి మరువరాదు. ఆకాశములో బిడ్డ మగతగా పడియున్నచో అది నిద్రయో ఆపదయో తెలియునదెట్లు? ముక్కు ఎండిపోవునని నూనె చుక్కలు వేయుట కూడ వలదు. ప్రతిమర్శ నస్యము ఏ వయస్సువారికైనను హితమని శాస్త్రమున ఉన్న మాట నిజమే. అది శిక్షణ గలవాని చేతిమీదుగా జరుగవలసినది గాని, ఏడ్చుచున్న బిడ్డకు ఊగుచున్న ఆసనములో జరుపవలసినది కాదు. నూనె ఊపిరితిత్తులలోనికి పోయిన ప్రమాదము. విమానము దిగునప్పుడు చెవులు మూసుకొనిపోయి బిడ్డ ఏడ్చును. ఆ సమయమున చనుబాలో, నీటి గుటకలో ఇచ్చుచుండిన చాలును.

ఇక నాయనమ్మగారి సంచి. వసకొమ్మును తీసివేయించితిని. వస సహజముగా వమనము కలిగించు గుణము గలది, అలవాటుగా పసిబిడ్డకు నాకించవలసినది కాదు. కాటుకను కూడ తీసివేయించితిని. బజారు కాటుకలలోను సుర్మాలలోను సీసము ఉండుట పరీక్షలలో పలుమార్లు బయటపడినది. సీసము పసిబిడ్డల మెదడును చెరచును. దిష్టికి చుక్క పెట్టవలెనన్న కోరికను నేను పరిహసించను గాని కంటిలో మాత్రము వలదు. భస్మములు, రసౌషధములు కలిసిన మాత్రలు ఇంటివారి ఇష్టానుసారము తీసికొనిపోరాదు. కొన్ని ఆయుర్వేద ఔషధములలో సీసము ఉన్నదని ఆస్ట్రేలియా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరికలు జారీ చేసియున్నది. ఈ మాట నావంటి వైద్యునకు చేదుగానే యుండును. అయినను శోధన, మారణములు సరిగా జరుగని లోహౌషధము విషమని మన రసశాస్త్రమే ముందుగా చెప్పినది.

నెయ్యి, గింజలు, వేళ్ళు, ఎండుటాకులు మొదలగు సకల పదార్థములను విమానాశ్రయములో ఇచ్చు పత్రముపై తప్పక ప్రకటించవలెను. తమ పంటలకును పశువులకును బయటి తెగుళ్ళు సోకకుండ ఆ దేశము 2015లో చేసిన జీవభద్రతా చట్టము క్రింద, దాచినవారికి పెద్ద జరిమానా పడును. ప్రకటించినచో, అధికారి వస్తువును తీసివేసినను జరిమానా యుండదు. నా సలహా ఏమనగా, ఇవి మోయనే వలదు. పెసరపప్పు, బియ్యము, వాము అచ్చటి మనవారి దుకాణములలో దొరకును. స్వెట్టరు మాత్రము ఒకటి ఉంచితిని. మెల్‌బోర్న్‌లో మిట్టమధ్యాహ్నము వడగాలి వీచి, సాయంకాలమునకు దక్షిణపు చలిగాలి తిరుగుట సర్వసాధారణము.

ఎండ విషయము ప్రత్యేకముగా చెప్పవలెను. “మేము నెల్లూరువారము, మాకు ఎండ కొత్తా?” అనునది తగని ధైర్యము. అచ్చట గాలి నిర్మలము, ఓజోను పొర పలుచన. పైగా భూమి సూర్యునకు మిక్కిలి సమీపించునది జనవరి తొలి దినములలోనే. అందుచే వేడిమి తక్కువగా తోచినను అతినీలలోహిత కిరణములు తీవ్రముగా నుండును. ఆ దేశమున 1981 నుండి చొక్కా తొడుగుము, లేపనము పూయుము, టోపీ పెట్టుము అను ప్రచారము నడచుచునే యున్నది. ఆరు నెలలు దాటిన బిడ్డకు బట్ట కప్పని చోట్ల సన్‌స్క్రీన్ లేపనము పూయవచ్చును. నువ్వులనూనె గాని కొబ్బరినూనె గాని దానికి ప్రత్యామ్నాయము కాదు. అభ్యంగము స్నానమునకు ముందు, ఇంటిలో. తరువాత సున్నిపిండితో జిడ్డు పోవునట్లు కడుగవలెను. గ్రీష్మములో ఉష్ణగుణము గల నువ్వులనూనె కంటె కొబ్బరినూనె మేలు.

గడియారము మోసమునకు కూడ లోబడరాదు. మన ఊరిలో సాయంకాలము 4 గంటలకు ఎండ మెత్తబడుచున్నదని బిడ్డను వీధిలోనికి పంపుదుము. వేసవికై గంట ముందుకు జరిపిన మెల్‌బోర్న్ గడియారములో 4 గంటలన్న మన పగలు మూడు గంటల లోపే. అచ్చట ఉదయము 9 లోపల, సాయంకాలము 6 తరువాత ఆటలకు మేలైన వేళ. సిడ్నీకి దక్షిణమున హెలెన్స్‌బర్గ్‌లోని శ్రీ వేంకటేశ్వరాలయము చూడ వెళ్ళువారు పొద్దుననే వెళ్ళవలెను. చెప్పులు విడిచి నడచు ప్రాకారము మధ్యాహ్నమునకు కాలును, నడక నేర్చిన పసివాని అరికాలు మనదివలె మొద్దుబారినది కాదు.

ఆహారమున గ్రీష్మవిధియే. మధురము, లఘువు, స్నిగ్ధము, ద్రవము, శీతము. శీతమన్న మంచుగడ్డ కాదు, సహజముగా చల్లని గుణము గలది. పెరుగన్నము, బార్లీ జావ, సగ్గుబియ్యపు జావ, పుచ్చకాయ గుజ్జు. డిసెంబరు జనవరులలో అచ్చటి అంగళ్ళలో మామిడిపండ్లు కుప్పలుగా నుండును. ఋతువు మారినదనుటకు ఇంతకంటె సాక్ష్యమేల? పండును నీటిలో నానవేసి, తొక్క తీసి, కొద్దిగా పెట్టవచ్చును. ద్రాక్షను నిలువున చీల్చి ఇవ్వవలెను. బాదము, వేరుశనగ గింజలు నిండుగా ఈ వయస్సున తగవు, గొంతునకు అడ్డుపడును.

నీటి గండమును గూర్చి నాలుగు మాటలు. మా అనంతసాగరము చెరువు కట్టకు బిడ్డను ఒంటరిగా పోనిచ్చు తల్లి లేదు. అట్టివారే పరదేశములో పెరటి కొలనును చూచి ముచ్చటపడుదురు. నీరు 30 సెంటీమీటర్లు మించగల కొలనులకు అచ్చట కంచె తప్పనిసరి. కాని అతిథులు వచ్చిన సందడిలో కంచె తలుపు తెరచియుండుట అసంభవము కాదు. పసిబిడ్డ చప్పుడు లేకుండ, బెత్తెడు నీటిలోనే మునుగును. పదిమంది పెద్దలున్న చోట ప్రతివారును మరియొకరు చూచుచున్నారనుకొందురు. కావున ఒకరి పేరు చెప్పి అప్పగించవలెను. సముద్రతీరమున ఎరుపు పసుపు జెండాల నడుమనే దిగవలెను. కారులో ఒడిలో కూర్చుండబెట్టుకొనుట అచ్చట చట్టవిరుద్ధము. నాలుగేండ్ల వరకు పట్టీలు గల శిశుపీఠము కావలెను, మేనమామగారిని ముందే సిద్ధపరచమనవలెను.

విరేచనములు పట్టినచో ఓ.ఆర్.యస్. పొడిని పొట్లముపై వ్రాసిన కొలత నీటిలోనే కలిపి మాటిమాటికి పట్టవలెను. ఆరు గంటలు మూత్రము లేకున్నను, కన్నీరు లేని ఏడ్పు, లోతుకు పోయిన కన్నులు, మగత కనబడినను ఇంటివైద్యము మాని ఆస్పత్రికి పోవలెను. ఆపత్కాలమున 000, ఏదేని మ్రింగినప్పుడు విషసమాచార కేంద్రము 13 11 26. భారతీయ సందర్శకులకు ఆ దేశపు ప్రభుత్వ వైద్య సహాయము వర్తించదు గనుక ప్రయాణ బీమా తీసికొననిదే విమానము ఎక్కరాదు. తట్టు టీకా రెండు మోతాదులును పడినవో లేదో చూడుమని ఆ తండ్రితో చెప్పితిని. రెండవది పడలేదు. మరునాడే వేయించినారు.

తిరుగు ప్రయాణములో ఇదియంతయు వెనుకకు నడుచును. గ్రీష్మము నుండి సంక్రాంతి మంచులోనికి బిడ్డ వచ్చును. అప్పుడు స్వెట్టరు, గోరువెచ్చని స్నానము, నువ్వులనూనె అభ్యంగము తిరిగి ప్రవేశింపవలెను. తొలి రాత్రులలో బిడ్డ తెల్లవారుజామున రెండు గంటలకే లేచి ఆడును. దీపము వేయక, మాటలాడక, ప్రక్కన పరుండియుండవలెను. నాలుగైదు రాత్రులు ఓపిక పట్టినచో మునుపటి వేళకే లేచును.