ఆ పలకలు ఎండినయా?

శాలిబండ,
ఆషాఢం

బిడ్డా,

నీ ఉత్తరం అందింది. బడి బెంచీలకు నీలం బాగుంటదా, ఆకుపచ్చనా అని అడిగినవు. రంగు సంగతి తర్వాత. మీ దోస్తులంతా పైసా తీసుకోకుండ ఆ పని నెత్తినేసుకున్నరని వింటే ఎంత సంబురమైందో మీ పెద్దమ్మనడుగు. కానీ పురానాపూల్ దిక్కు అగ్గువకు దొరికిన కట్టె పలకలు తెచ్చి, వచ్చే ఆదివారమే రంగేస్తరని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. అప్పటి సంది నాకు నిద్ర లేదు.

ఆ పలకలు ఎండినయా?

పైకి ఎండినట్టే కొడతయి. లోపల తడుంటే ఆయిల్ పెయింట్ పొక్కులు లేస్తది, పలక వంగుతది, మేకుల కాడ పగులుతది. మీ తాత పలకల మధ్య సన్న కట్టెలు పెట్టి, గాలాడేటట్టు నీడన పేర్చేటోడు. ఎండలో పెడితే అంచులు చీలుతయని మమ్మల్ని తిట్టేటోడు. ఒక ముక్కను పక్క కిరాణంలో వారం వారం తూపించేటోడు. బరువు తగ్గుడు ఆగినంకనే రందా పట్టుడు. తూచిన ప్రతిసారి ఆ సేటు నాకు బెల్లం ముక్క పెట్టేటోడు; అవసరం లేకున్నా తూపించుకొచ్చిన రోజులున్నయి! మీరూ ఒక ముక్క తూచి చూడండి.

ఇంకా కట్టె కావాలంటే, తేలికని తెల్లపొణికి అడిగేవు. అది నిర్మల్ నకాషీల బొమ్మలకు. వాళ్లు చింతగింజల జిగురులో రంపంపొట్టు కలిపి అతుకులు పూడుస్తరు. పిల్లలెక్కి దుంకే బెంచీకి అంత మెత్తటి కట్టె ఆగదు. ఎండిన వేప చాలు. ప్లైవుడ్డయితే ఐ.ఎస్. 710 ముద్ర చూడు. ఎండీఎఫ్ మాత్రం వద్దు, నీళ్లు తగిలితే ఉబ్బుతది. తడి గురించే మళ్లీ చెప్తున్ననని నవ్వకు.

రంగు డబ్బా మీద సీసం 90 పీపీఎం లోపల అని రాసుండాలె. 2017 నవంబర్ నుంచి ఆ రూలుంది. ఎవరింట్లనో మిగిలిన పాత డబ్బాలు ఇస్తమన్నా తీసుకోకు. పాత బెంచీల రంగు పొడిగా గీకొద్దు, ఆ దుమ్ములో సీసం ఉండొచ్చు. నీళ్లు చల్లి, ముక్కుకు మాస్కు కట్టుకొని, పిల్లలు లేనప్పుడు గీకండి. తర్వాత అవి కూడా బాగా ఎండాలె. కాయితం రుద్ది ప్రైమర్, లప్పం, మళ్లీ కాయితం, ఆ పైన రెండు చేతులు రంగు.

మొన్న తడిసి జలుబు తెచ్చుకున్నవట. మిరియాల కషాయం తాగు. ఈ ముసురులో రంగు కూడ ఆరదు. లాల్ దర్వాజ బోనాలు కానీ, వాన తెరిపియ్యనీ. కట్టె డిపోకు పోయేముందు ఫోన్ చెయ్యి, మోకాలు సతాయించకుంటే నేనూ వస్త.

ఇట్లు,
మీ పెదనాయిన

ఆకుపచ్చనే వెయ్యి.