చచ్చినా తప్పని చాకిరీ - జాంబీ సినిమాల వెనుక ఉన్న కథ

నేను మన హాస్టల్‌లో ఎనిమిదో తరగతి చదువుతున్నప్పుడు ఒక శనివారం రాత్రి టీవీకి పెన్‌డ్రైవ్ పెట్టి ఒక డబ్బింగ్ సినిమా చూశాము. అందులో చచ్చినవాళ్లు లేచి, మెడలు వంకర పెట్టుకుని నడుస్తూ కనిపించిన ప్రతివాణ్ణీ కరుస్తుంటారు. కాటు పడినవాడు కూడా వాళ్లలాగే మారిపోతాడు. ఆ రాత్రి ఐదో తరగతి తమ్ముళ్లు ఒక్కరు కూడా ఒంటరిగా బాత్‌రూంకు పోలేదు. నలుగురైదుగురు చేతులు పట్టుకుని గుంపుగా పోయారు. నేను పెద్దవాణ్ణి కాబట్టి ధైర్యంగా ఉన్నట్లు నటించాను గాని, తెల్లవారేదాకా దుప్పటి ముసుగు తీయలేదు.

తర్వాత ఎం.ఏ. చరిత్రలో చేరి బానిస వ్యాపారం గురించి చదువుతున్నప్పుడు అదే జాంబీ మళ్లీ ఎదురైంది. ఈసారి భయం వేయలేదు, బాధ కలిగింది. ఆ సంగతి మీతో పంచుకోవాలనే ఈ వ్యాసం రాస్తున్నాను.

జాంబీ పుట్టిన నేల

కరేబియన్ సముద్రంలో హిస్పానియోలా అనే దీవి ఉంది. 1492లో కొలంబస్ అక్కడ దిగాడు. ఆ దీవి పడమటి భాగం 1697లో ఫ్రాన్సు చేతికి వచ్చింది. నేటి హైతీ దేశం అదే. ఫ్రెంచివాళ్లు అక్కడ చెరకు, కాఫీ తోటలు వేశారు. తోటల్లో పని చేయడానికి ఆఫ్రికా నుంచి మనుషులను ఓడల్లో గొలుసులతో కట్టి తెచ్చారు. 1789 నాటికి అక్కడ బానిసల సంఖ్య దాదాపు 5 లక్షలు. తెల్లవాళ్లు వారిలో పదో వంతు కూడా లేరు.

చెరకు పని మామూలు పని కాదు. కోసిన చెరకును వెంటనే గానుగాడకపోతే రసం పాడవుతుంది. అందుకని కోతల కాలంలో రాత్రింబవళ్లు గానుగలు తిరిగేవి. నిద్రమత్తులో చేయి గానుగలో పడితే ఆ చేయి పోయినట్లే. పని భారంతో, రోగాలతో ఎంతోమంది వచ్చిన కొద్ది సంవత్సరాలకే చనిపోయేవారు. వారి స్థానంలో మరో ఓడ మనుషులు దిగేవారు.

1685లో ఫ్రాన్సు రాజు 14వ లూయీ బానిసల కోసం ఒక చట్టం చేశాడు. నెల రోజులు పారిపోయి దొరికినవాడికి చెవులు కోసి భుజం మీద వాత పెట్టాలి. రెండోసారి దొరికితే మోకాలి వెనుక నరం కోయాలి. మూడోసారి మరణశిక్ష. తల్లి బానిస అయితే బిడ్డ కూడా బానిసే. అంటే పుట్టుకతోనే యజమాని నిర్ణయమైపోయేవాడు.

ఇటువంటి బతుకులో వారికి మిగిలిన ఒకే ఒక్క ఆశ చావు. చనిపోతే ఆత్మ సముద్రం దాటి తమ పూర్వీకుల నేలకు, అంటే ఆఫ్రికాకు తిరిగి చేరుతుందని నమ్మేవారు. ఆ నేలను గినే అని పిలుచుకునేవారు.

అసలు జాంబీ ఎవరినీ కరవదు

ఇప్పుడు జాంబీ దగ్గరికి వద్దాం. ఈ మాట ఆఫ్రికా భాషల నుంచి వచ్చిందని పండితులు చెబుతారు. మొదట్లో ఆత్మ, దయ్యం అనే అర్థంలో వాడేవారు. హైతీ జానపద కథల్లో అది వేరే రూపం తీసుకుంది. బోకోర్ అనే మంత్రగాడు ఒక మనిషిని చచ్చినట్లు పడేస్తాడు. పూడ్చిన తర్వాత గుంత తవ్వి లేపుతాడు. లేచినవాడికి సొంత తెలివి ఉండదు, పేరు గుర్తుండదు, మాట రాదు. మంత్రగాడు చెప్పినచోట చెప్పిన పని చేస్తాడు. అలసట అనడు, ఆకలి అనడు, కూలి అడగడు.

గమనించదగ్గ విషయం ఏమిటంటే, ఈ జాంబీ ఎవరినీ కరవదు, ఎవరినీ తినదు. హైతీ ప్రజలు జాంబీని చూసి భయపడలేదు, జాలిపడ్డారు. తాము జాంబీ అవుతామేమోనని భయపడ్డారు. చావుతోనైనా తీరుతుందనుకున్న చాకిరీ చచ్చాక కూడా తీరకపోతే, గినేకు పోయే దారి కూడా మూసుకుపోతే, అంతకంటే పెద్ద శిక్ష ఏముంటుంది? ఈ కథకు ఆ రూపం బానిసత్వపు జ్ఞాపకం నుంచే వచ్చిందని చాలామంది చరిత్రకారులు చెబుతారు.

ఈ కథలో ఉప్పుకు పెద్ద స్థానం ఉంది. జాంబీకి ఉప్పు లేని కూడే పెట్టాలట. పొరపాటున ఉప్పు తగిలితే తెలివి వస్తుంది. తాను ఎవరో గుర్తొస్తుంది. వెంటనే పని వదిలేసి తన సమాధి వైపు నడిచిపోతుంది. మన దగ్గర "ఉప్పు తిన్న విశ్వాసం" అంటారు. ఉప్పు పెట్టినవాడికి లొంగి ఉండాలని దాని భావం. హైతీ కథలో ఉప్పు తిన్నవాడు యజమానిని వదిలి వెళ్తాడు. ఈ తేడా గురించి నేను చాలా రోజులు ఆలోచించాను.

1791 ఆగస్టులో ఆ బానిసలే తిరుగుబాటు చేశారు. టూసాన్ లూవెర్త్యూర్, డెస్సలీన్ వంటి నాయకుల కింద 12 ఏళ్లకు పైగా పోరాడి, నెపోలియన్ పంపిన సైన్యాన్ని ఓడించి, 1804 జనవరి 1న స్వతంత్ర దేశం ప్రకటించుకున్నారు. బానిసలు తిరగబడి సొంత దేశాన్ని నిలబెట్టుకోవడం చరిత్రలో అదే మొదటిసారి. కానీ 1825లో ఫ్రాన్సు యుద్ధనౌకలు పంపి, తోటలు, బానిసలు పోగొట్టుకున్న తన యజమానులకు 15 కోట్ల ఫ్రాంకుల నష్టపరిహారం ఇమ్మని బెదిరించింది. 1838లో ఆ మొత్తాన్ని 9 కోట్లకు తగ్గించారు. దాని కోసం చేసిన అప్పుల భారం 1947 వరకు ఆ దేశాన్ని వదలలేదు.

వెండితెర మీదికి

1915లో అమెరికా సైన్యం హైతీని ఆక్రమించింది. 1934 వరకు అక్కడే ఉంది. రోడ్లు వేయడానికి రైతులను బలవంతంగా పట్టుకొచ్చి పని చేయించారు. మన దగ్గర వెట్టి అంటే ఏమిటో అదే. ఆ కాలంలో హైతీకి వెళ్లిన విలియం సీబ్రూక్ అనే అమెరికన్ రచయిత 1929లో ఒక పుస్తకం ప్రచురించాడు. చెరకు తోటల్లో చచ్చినవాళ్లు పని చేస్తున్నారని అక్కడ విన్న కథలు అందులో రాశాడు. దానితో జాంబీ అనే మాట అమెరికాలో మారుమోగింది.

మూడేళ్లకే, 1932లో, 'వైట్ జాంబీ' సినిమా వచ్చింది. అంతకుముందు ఏడాది డ్రాకులాగా నటించిన బేలా లుగోసీ ఇందులో మంత్రగాడు. అతని చక్కెర మిల్లులో జాంబీలు గానుగ తిప్పుతుంటారు. ఒకడు జారి యంత్రంలో పడిపోయినా మిగతావాళ్లు ఆగకుండా తిప్పుతూనే ఉంటారు. బానిసత్వం ఆనవాలు ఆ దృశ్యంలో ఇంకా ఉంది. కానీ సినిమా కథ మాత్రం వాళ్లది కాదు. ఒక తెల్ల యువతి జాంబీ కావడం, ఆమెను కాపాడటం, అంతే.

1968లో జార్జ్ రొమేరో తీసిన 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' పూర్తిగా దారి మార్చింది. మంత్రగాడు పోయాడు, చెరకు తోట పోయింది, చచ్చినవాళ్లు మనుషులను తినడం మొదలుపెట్టారు. ఆ సినిమాలో జాంబీ అనే మాటే లేదు. ప్రేక్షకులే ఆ పేరు తగిలించారు. విడుదల సమయంలో కాపీరైట్ ప్రకటన వేయడం మరిచిపోవడంతో ఎవరైనా ఆ సినిమాను వేసుకోవచ్చునన్న పరిస్థితి వచ్చింది. అది ప్రపంచమంతా తిరగడానికి అది కూడా ఒక కారణం. ఇందులో కథానాయకుడు ఒక నల్లజాతి యువకుడు. రాత్రంతా పోరాడి బతికి బయటపడతాడు. తెల్లవారాక తుపాకులు పట్టుకుని వచ్చిన గుంపు అతణ్ణి కూడా చచ్చిలేచినవాడే అనుకుని కాల్చేస్తుంది. మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగింది కూడా 1968లోనే.

ఆ తర్వాత అన్ని దేశాల సినిమాలూ రొమేరో దారినే పట్టాయి. 2016లో కొరియా వారి 'ట్రైన్ టు బుసాన్', 2021లో కర్నూలు ఫ్యాక్షన్ నేపథ్యంతో వచ్చిన మన 'జాంబీ రెడ్డి' దాకా కరవడమే ముఖ్యం. ఒకప్పుడు బానిస పడిన భయం "నేను జాంబీ అవుతానేమో" అని. నేడు సినిమా చూసేవాడి భయం "జాంబీల గుంపు నా మీదికి వస్తుందేమో" అని. భయం పని చేసేవాడి వైపు నుంచి ఇంట్లో తలుపులు వేసుకున్నవాడి వైపుకు మారింది.

నిజంగా జాంబీలు ఉన్నారా?

తమ్ముళ్లు తప్పక అడిగే ప్రశ్న ఇది. చనిపోయి పూడ్చిపెట్టిన తమ మనిషి తిరిగి వచ్చాడని హైతీలో కొన్ని కుటుంబాలు చెప్పిన మాట వాస్తవం. అటువంటి ముగ్గురిని వైద్యులు పరీక్షించి 1997లో 'లాన్సెట్' పత్రికలో వివరాలు ప్రచురించారు. ముగ్గురిలోనూ మానసిక వ్యాధి, మూర్ఛ, మెదడు దెబ్బతినడం వంటి కారణాలు కనిపించాయి. డీఎన్ఏ పరీక్షలో ఇద్దరు అసలు ఆ కుటుంబాల మనుషులే కాదని తేలింది. దిక్కులేక తిరుగుతున్న రోగిని పోయిన తమ మనిషే అనుకుని ఇంటికి తెచ్చుకున్నారన్నమాట. కాబట్టి బాత్‌రూంకు ధైర్యంగా పోవచ్చు.

నాయనమ్మ అడిగిన మాట

గత సంక్రాంతి సెలవుల్లో ఈ కథంతా మా నాయనమ్మకు చెప్పాను. ఆమె చదువుకోలేదు. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనే మొదలు. మా ముత్తాత చేసిన అప్పు కింద మా తాత పదేళ్ల వయసులో ఒక ఆసామి ఇంట్లో జీతం ఉన్నాడు. ముత్తాత చనిపోయాడు గాని అప్పు చావలేదు. తాత పెళ్లి నాటికి కూడా అది తీరలేదు. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది. అయినా మా ఊళ్లో ఆ మాట చెప్పినవారు లేక తాత ఇంకా కొన్నేళ్లు ఆ దొడ్లోనే ఉన్నాడు.

నాయనమ్మ కథంతా విని రెండే మాటలు అడిగింది. "మరి వానికి కూలేమన్న ఇచ్చేటోళ్లా బిడ్డా?" అన్నది. ఇవ్వరని చెప్పాను. కొంచెం సేపు ఊరుకుని, "ఇంత ఉప్పేసి బువ్వ పెట్టేటోళ్లు ఒక్కలు లేకపోయిండ్రా?" అన్నది.

జాంబీ కథ మీద నేను చదివిన పుస్తకాల్లో ఆ ప్రశ్న నాకు కనిపించలేదు. మా తాతకు ఆ ఉప్పు దొరకడం ఆలస్యమైంది. ఒక చట్టం ఉందని చెప్పే మనిషి, ఆ చట్టం చదవగలిగిన మనిషి ఇంట్లో ఉంటే ఆ కొన్నేళ్లు మిగిలేవి. నాకు ఆ ఉప్పు ఈ హాస్టల్‌లో దొరికింది. పప్పు పలచగా ఉన్న రోజులున్నాయి, ట్యాంకులో నీళ్లు రాని రోజులున్నాయి. అయినా రాత్రి పది గంటల దాకా లైటు కింద కూర్చుని చదివిన చదువు నా పేరు నాకు గుర్తుండేలా చేసింది.

కనుక తమ్ముళ్లారా, దయ్యాల సినిమాలు చూడండి, భయపడండి, నవ్వుకోండి. అయితే సినిమా అయిపోయాక మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ దయ్యం బతికున్నప్పుడు ఎవరు? దాని చేత ఎవరు పని చేయించుకున్నారు? ఈ కథ మొదట ఎవరు ఎవరికి చెప్పుకున్నారు? జవాబు కోసం లైబ్రరీకి పోండి, ఊరికి పోయినప్పుడు మీ నాయనమ్మలను, అమ్మమ్మలను అడగండి. వాళ్లు చెప్పింది నోట్‌బుక్‌లో రాసి పెట్టండి. వచ్చే సంవత్సరం ఈ సంచికలో మీ వ్యాసం చదవాలని నా కోరిక.

అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలతో,

మీ అన్న,
పూర్వ విద్యార్థి, ఎం.ఏ. (చరిత్ర)