వరి పైరులో చిన్న రెక్కల పురుగు

మన అరకు లోయలో గెడ్డల పక్కన నీరు నిలిచే పల్లపు పొలాల్లో వరి పండిస్తారు. ఈ పంటకు పెద్ద శత్రువు ఒక చిన్న రెక్కల పురుగు. దీనిని కాండం తొలుచు పురుగు అంటారు. శాస్త్రీయ నామం స్కిర్పోఫాగా ఇన్‌సర్ట్యులాస్.

ఆడ పురుగు పసుపు రంగులో ఉంటుంది. ముందు రెక్కల మీద ఒక్కొక్క నల్లని చుక్క ఉంటుంది. మగది ఇంకా చిన్నది. మనం సైన్సులో చదివిన గుడ్డు, లార్వా, ప్యూపా, ప్రౌఢ దశలు నాలుగూ దీనిలో చూడవచ్చు.

రెక్కల పురుగు పైరును తినదు. ఆకు కొనల దగ్గర గుంపుగా గుడ్లు పెట్టి, వాటిని గోధుమరంగు నూగుతో కప్పుతుంది. సుమారు వారం రోజుల్లో లార్వాలు బయటికి వచ్చి కాండంలోకి తొలుచుకొని పోతాయి. పిలక దశలో మొవ్వు ఎండిపోతుంది. అప్పుడు మొక్క మరో పిలక వేసి కొంత కోలుకోగలదు. ఈనిక దశలో మాత్రం తెల్లకంకి వస్తుంది. అందులో అన్నీ తాలు గింజలే. ఆ నష్టం ఇక తీరదు, ఇంటి తిండిగింజలే తగ్గుతాయి.

లార్వా కాండంలో దాక్కున్నాక మందు చల్లినా సులువుగా తగలదు. కనుక గుడ్ల దశలోనే ఆపాలి. నాటే ముందు నారు కొనలు తుంచి నాశనం చేస్తే గుడ్లు కూడా పోతాయి. ట్రైకోగ్రామా అనే అతి చిన్న మిత్రపురుగు ఈ గుడ్లలోనే పెరిగి వాటిని చంపుతుంది. అనవసరంగా మందు కొడితే అది కూడా చస్తుంది. కోత తర్వాత మోళ్ళలో లార్వాలు మిగిలి ఉంటాయి కాబట్టి నేలకు దగ్గరగా కోసి, వెంటనే దున్నాలి.

పొలంలో చదరపు మీటరుకు ఒక గుడ్ల గుంపు కనిపించినా జాగ్రత్త పడాలి. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మనమందరం ఆకు కొనలు చూసి పెద్దలకు చెబుదాం. మన చదువు మన పొలానికి కూడా ఉపయోగపడాలి.