మన జిల్లాలో బ్యాంకులు: నిర్మాణం, పనితీరు, పొదుపునకు రక్షణ

చింతామణి మార్కెట్టులో మూటలు మోసినా, చిక్కబళ్ళాపురంలో ఇళ్ళ కట్టడంలో కూలికి వెళ్ళినా, బాగేపల్లిలో చిన్న అంగడి నడిపినా, కష్టార్జితంలో కొంత భాగాన్ని దాచుకొనడం మన వారి అలవాటు. దాచిన సొమ్ము ఎటువంటి సంస్థలో ఉన్నది, ఆ సంస్థ చెడిపోతే ఎంత తిరిగి వస్తుంది అనే విషయాలు మాత్రం చాలామందికి తెలియవు. వాటిని వివరించడమే ఈ పాఠం ఉద్దేశం.

1. మూడు రకాల బ్యాంకులు

2007లో కోలారు జిల్లా నుండి వేరుపడిన చిక్కబళ్ళాపుర జిల్లాలో ప్రధానంగా మూడు రకాల బ్యాంకులు పనిచేస్తున్నాయి.

మొదటిది వాణిజ్య బ్యాంకులు. స్టేట్ బ్యాంకు, కెనరా బ్యాంకు, యూనియన్ బ్యాంకు మొదలైన ప్రభుత్వ రంగ బ్యాంకులూ, ప్రైవేటు బ్యాంకులూ ఈ వర్గానికి చెందినవి. 1969లో రిజర్వు బ్యాంకు ప్రవేశపెట్టిన లీడ్ బ్యాంకు పథకం ప్రకారం ప్రతి జిల్లాలోను ఒక బ్యాంకు మిగిలినవాటిని సమన్వయపరుస్తుంది. మన జిల్లాలో ఆ బాధ్యత కెనరా బ్యాంకుది.

రెండవది గ్రామీణ బ్యాంకు. ఇందులో కేంద్ర ప్రభుత్వానికి 50 శాతం, రాష్ట్ర ప్రభుత్వానికి 15 శాతం, ప్రాయోజక బ్యాంకునకు 35 శాతం వాటా ఉంటుంది. 2025 మే 1 నుండి ఒక రాష్ట్రానికి ఒకే గ్రామీణ బ్యాంకు అనే విధానం అమలులోనికి వచ్చింది. కర్ణాటకలోని రెండు గ్రామీణ బ్యాంకులు ఒకటైనాయి. అదే రోజున ఆంధ్రప్రదేశ్‌లోని నాలుగు కలసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకుగా ఏర్పడినాయి.

మూడవది సహకార బ్యాంకులు. గ్రామస్థాయిలో ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘం, జిల్లా స్థాయిలో కేంద్ర సహకార బ్యాంకు, రాష్ట్ర స్థాయిలో అపెక్స్ బ్యాంకు అనే మూడు అంతస్తుల కట్టడమిది. కోలారు, చిక్కబళ్ళాపుర జిల్లాల కేంద్ర సహకార బ్యాంకు రైతులకే కాక స్త్రీశక్తి సంఘాలకు కూడా రుణాలిస్తూ వచ్చింది.

2. పేర్లు మారినవి, ఖాతాలు మారలేదు

చిక్కబళ్ళాపురం సమీపంలోని ముద్దేనహళ్ళిలో జన్మించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి ప్రేరణతో 1913లో మైసూరు బ్యాంకు ఆరంభమైనది. తరువాత స్టేట్ బ్యాంక్ ఆఫ్ మైసూరుగా పేరుపొందిన ఆ సంస్థ 2017 ఏప్రిల్ 1న భారతీయ స్టేట్ బ్యాంకులో విలీనమైనది. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో బందరులో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలసినది. సిండికేట్ బ్యాంకు అదే రోజున కెనరా బ్యాంకులో చేరినది. పెట్టెలో పాత పేరుగల పాసుపుస్తకం ఉన్నచో దానిని పారవేయవద్దు. అందులోని సొమ్ము విలీనం చేసుకొన్న బ్యాంకులో మీ పేరనే ఉంటుంది.

3. పనితీరును కొలిచే విధం

ఒక ప్రాంతపు ప్రజలు దాచిన ప్రతి 100 రూపాయలకు అక్కడే ఎన్ని రూపాయలు రుణంగా ఇచ్చారో తెలిపేది రుణ–డిపాజిట్ నిష్పత్తి. అది మరీ తక్కువైతే ఇక్కడి పొదుపు వేరొక చోటి వ్యాపారానికి పోతున్నదని అర్థం. 40 శాతానికి దిగువనున్న జిల్లాలపై ప్రత్యేక శ్రద్ధ వహించవలెనని రిజర్వు బ్యాంకు సూచించింది. జిల్లాధికారి అధ్యక్షతన జరిగే సలహా సంఘం ఈ లెక్కలను పరిశీలిస్తుంది.

రెండవ కొలత మొండి బాకీలు. సాధారణంగా 90 రోజులకు మించి కిస్తీ గాని వడ్డీ గాని చెల్లించని రుణం నిరర్థక ఆస్తి అవుతుంది. ఇవి పెరిగిన కొద్దీ బ్యాంకు బలహీనపడుతుంది. అధిక వడ్డీ ఆశ చూపే సంస్థ విషయంలో మొదట అడుగవలసిన ప్రశ్న ఇదే: ఇచ్చిన అప్పులు తిరిగి వస్తున్నాయా?

4. బీమా ఎంతవరకు?

బ్యాంకు దివాలా తీస్తే ఒక్కొక్క డిపాజిటుదారునకు ఒక్కొక్క బ్యాంకులో అసలు, వడ్డీ కలిపి 5 లక్షల రూపాయల వరకు డిపాజిట్ బీమా సంస్థ చెల్లిస్తుంది. 2020 ఫిబ్రవరి 4 వరకు ఈ పరిమితి లక్ష రూపాయలే. ఇందుకు ఖాతాదారుడు ప్రీమియం కట్టనక్కరలేదు. బ్యాంకే కడుతుంది.

ఒక ఉదాహరణ: ఒకే బ్యాంకునకు చెందిన చింతామణి శాఖలో 4 లక్షలు, బాగేపల్లి శాఖలో 3 లక్షలు ఒకరి పేరన ఉన్నవనుకొందాము. శాఖలు రెండైనా బ్యాంకు ఒకటే గనుక బీమా 5 లక్షలకే వర్తిస్తుంది. ఆ 3 లక్షలు వేరొక బ్యాంకులో ఉన్నచో మొత్తం 7 లక్షలకూ రక్షణ లభిస్తుంది.

ఈ బీమా సహకార బ్యాంకులకు కూడా ఉన్నది. బెంగళూరులోని శ్రీ గురు రాఘవేంద్ర సహకార బ్యాంకుపై 2020 జనవరిలో రిజర్వు బ్యాంకు ఆంక్షలు విధించినప్పుడు ఖాతాదారులు 35,000 రూపాయలకు మించి తీసుకొనలేకపోయారు. ఇటువంటి ఆంక్షలు విధించిన బ్యాంకుల ఖాతాదారులకు 90 రోజులలో బీమా సొమ్ము అందజేయవలెనని 2021లో చట్టాన్ని సవరించారు.

ప్రాథమిక సహకార సంఘాలలోని డిపాజిట్లకు, చిట్టీలకు, ప్రైవేటు ఫైనాన్సులకు ఈ బీమా లేదు. రిజిస్టరైన చిట్టీ చట్టబద్ధమే గాని బీమా గలది కాదు. విజయవాడ కేంద్రంగా నడచిన అగ్రిగోల్డ్‌లో లక్షలాది కుటుంబాలు సొమ్ము చిక్కుకొని ఏళ్ళ తరబడి ఎదురుచూచిన సంగతి మనవారికి తెలిసినదే. ఏజెంటు మన ఊరివాడు, మన భాషవాడు అయినంత మాత్రాన సంస్థ నమ్మదగినది కాజాలదు.

5. పాటించవలసినవి

• సొంత ఊరి ఖాతాలో రెండేళ్ళకొకసారైనా లావాదేవీ జరపండి. లేనిచో అది నిష్క్రియమవుతుంది. పదేళ్ళు దాటిన సొమ్ము రిజర్వు బ్యాంకు నిధికి చేరుతుంది. అప్పటికీ ఖాతాదారుడు గాని వారసులు గాని దానిని కోరవచ్చును. వెదకుటకు ‘ఉద్గమ్’ అనే వెబ్‌సైటు ఉన్నది.
• ప్రతి ఖాతాకు నామినీ పేరు వ్రాయించండి.
• ఫిర్యాదును మొదట బ్యాంకునకు వ్రాతమూలకంగా ఇచ్చి రసీదు తీసుకొనండి. 30 రోజులలో పరిష్కారం కానిచో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఉచితంగా ఆశ్రయించవచ్చును. సమాచారం కోసం 14448 సంఖ్యకు ఫోను చేయండి.

అభ్యాసం

1. మీ కుటుంబానికి గల ఖాతాలన్నింటిని ఒక కాగితంపై వ్రాసి, ఏది ఏ రకపు బ్యాంకో గుర్తించండి.
2. వాటిలో బీమా లేని సొమ్ము ఎంత?
3. నామినీ లేని ఖాతాలు ఏవి?

మూడవ ప్రశ్నకు ఒక్క ఖాతా పేరు వచ్చినా, రేపే ఆ బ్యాంకు శాఖకు వెళ్ళి ఫారము నింపండి.