కొనేముందు కొలిచి చూడు

చి. అల్లుడికి,



నువ్వు పంపిన ఫొటోలు, వీడియోలు అన్నీ చూశాను. మీ టెక్సాస్‌లోని లూయిస్‌విల్ లేక్‌లో ఎనిమిది మందిని ఎక్కించుకుంటే నీ పాంటూన్ పడవ వెనక్కి చతికిలబడుతోందనీ, థ్రాటిల్ పూర్తిగా తోసినా గంటకు 20 మైళ్లు దాటడం లేదనీ, మలుపు తిప్పితే మోటారు ఒక్కసారిగా గీపెడుతోందనీ రాశావు. 115 హార్స్‌పవర్ మోటారు తీసేసి 150ది పెట్టించమంటావా అని అడిగావు. ఇప్పుడే వద్దు. నీ మోటారులో ఉన్న బలమంతా నీళ్లకు అందడం లేదు. అది అందేలా చేశాక కూడా చాలకపోతే అప్పుడు పెద్ద మోటారు మాట చూద్దాం. ఆ రోజు వచ్చినా పడవకు బిగించిన కెపాసిటీ ప్లేటు మీద గరిష్ఠంగా ఎన్ని హార్స్‌పవర్ అని ఉందో చూసుకోవాలి. ఆ అంకె దాటడానికి వీల్లేదు.

ముందు ఈ పడవ స్వభావం తెలుసుకో. 1952లో ఇక్కడే మా మిన్నెసోటాలో, రిచ్‌మండ్ అనే చిన్న ఊళ్లో ఆంబ్రోస్ వీరెస్ అనే రైతు ఇనుప పీపాలను వరసగా అతికి రెండు బారులు చేసి, వాటి మీద చెక్క వేదిక బిగించాడు. పాంటూన్ బోటు పరిశ్రమకు మొదలు అదే. ఇల్లంతా కలిసి ఒరగకుండా, తొణకకుండా చెరువు మీద కూర్చోవాలన్నదే అందులో ఉద్దేశం. ఇప్పుడు పీపాల చోట అల్యూమినియం గొట్టాలు వచ్చాయి, రెండింటికి తోడు మూడోది కూడా వచ్చింది. స్వభావం మాత్రం మారలేదు. మామూలు స్పీడ్ బోటుకు ఒకటే అడుగు. మోటారు ఆ అడుగు వెనక, చదునుగా వచ్చే నీళ్లలో పనిచేస్తుంది. పాంటూన్ మోటారు గొట్టాల మధ్యన ఉంటుంది. అక్కడికి వచ్చే నీళ్లు గొట్టాలకు కొట్టుకుని, ఎగిరి, గాలి కలిసి నురగగా వస్తాయి. అందుకే స్పీడ్ బోటుకు రాసిన కొలతలు దీనికి యథాతథంగా పనికిరావు. ఎత్తు, ప్రొపెల్లర్ రెండూ నీ పడవ మీదే, నీ మనుషుల బరువుతోనే తేల్చుకోవాలి.

మోటారు ముట్టుకునే ముందు పడవను చూడు. ట్రైలర్ మీదికి లాగాక గొట్టాల వెనక ఉండే డ్రెయిన్ ప్లగ్గులు, ఉంటే, విప్పి చూడు. ఏ సన్నని పగులు నుంచో లోపలికి నీరు చేరితే కొన్ని వందల పౌండ్లు నువ్వు ఊరికే మోస్తున్నట్టే. గొట్టాలకు పాచి పట్టి ఉంటే కడుగు. మనుషులను, ఐస్‌పెట్టెలను వెనకే కుక్కకుండా ముందుకూ వెనక్కూ సమంగా సర్దు. ఇవి ఉచితంగా వచ్చే వేగం.

ఇక ఎత్తు సంగతి. ప్రొపెల్లర్‌కు కాస్త పైన, మోటారు కాలికి రెండు పక్కలా రెక్కలాగా ఒక పలక ఉంటుంది. అదే యాంటీ-వెంటిలేషన్ ప్లేటు. చాలామంది దాన్ని కావిటేషన్ ప్లేటు అంటారు. పైనున్న గాలి ప్రొపెల్లర్ దాకా దిగిరాకుండా ఆపడం దాని పని. పడవ వేగం అందుకుని పరుగెడుతున్నప్పుడు ఈ ప్లేటు నీటి మట్టానికి సమంగానో, పిసరంత పైనో ఉండాలి. దాని మీద పలుచటి నీటి పొర జారుతూ కనిపించాలి. నీ వీడియోలో ప్లేటు అసలు కనిపించనే లేదు, కనీసం మూడంగుళాల లోతున ఉంది. పైగా నీళ్లు మోటారు కాలు వెంట పైకి ఎగబాకి, మోటారు బిగించిన పాడ్‌ను కొడుతున్నాయి. మునగాల్సిన దానికంటే ఎక్కువ లోహం నీళ్లలో ఈడ్చుకుపోతున్నావు. నీ పెట్రోలు చాలావరకు ఆ ఈడ్పుకే ఖర్చవుతోంది.

మరీ పైకెత్తినా ముప్పే. మలుపులో, అలల మీద ప్రొపెల్లర్ గాలిని మింగుతుంది. పట్టు తప్పి ఆర్పీఎం ఎగిసిపోతుంది, పడవ మాత్రం ముందుకు పోదు. ఇంకా పెద్ద ప్రమాదం చల్లదనం. మోటారును చల్లబరిచే నీళ్లు లోపలికి వెళ్లే జల్లెడ రంధ్రాలు ప్రొపెల్లర్ ముందు, కాలి పక్కన ఉంటాయి. అవి నీటిపైకి తేలితే మోటారు వేడెక్కి చెడుతుంది. కాబట్టి ఎత్తు మార్చిన ప్రతిసారీ వాటర్ ప్రెషర్ గేజ్ చూడు. గేజ్ లేకపోతే మోటారు పక్కనుంచి సన్నగా చిమ్మే నీటిధార ఆగకుండా వస్తోందో లేదో చూడు. అది తడబడితే ఒక రంధ్రం కిందికి దించెయ్యి.

నీ మోటారు లోతుగానే ఉన్నా, మలుపులో అది గీపెట్టడం గొట్టాల మధ్య నురగతో వచ్చే గాలి వల్లే. దీన్ని కావిటేషన్ అని నీకెవరో చెప్పారని రాశావు. రెండూ వేరు. పైనుంచి గాలిగానీ మోటారు పొగగానీ ప్రొపెల్లర్ రెక్కల్లోకి చొరబడితే వెంటిలేషన్. రెక్క వెనక ఒత్తిడి పడిపోయి, చల్లటి నీళ్లే ఆవిరి బుడగలై మళ్లీ పగిలితే కావిటేషన్. దీనికి పాత ఉదాహరణ ఒకటుంది. చార్లెస్ పార్సన్స్ అనే ఇంజనీరు 1894లో టర్బీనియా ఓడకు తన ఆవిరి టర్బైన్ బిగిస్తే బలం పుష్కలంగా ఉన్నా ఓడ అనుకున్నంత వేగం అందుకోలేదు. కారణం కావిటేషన్.  ఆయన నీటితొట్టి కట్టి, చిన్న ప్రొపెల్లర్‌ను అందులో తిప్పి, బుడగలు ఎక్కడ పుడుతున్నాయో కళ్లతో చూశాడు. చివరికి మూడు ఇరుసులు, ఒక్కోదానికి మూడేసి ప్రొపెల్లర్లు పెట్టి, అదే ఓడను దాదాపు 34 నాట్ల వేగంతో నడిపించాడు. బలం చాలడం లేదనిపించినప్పుడు ముందు ప్రొపెల్లర్ దగ్గర ఏం జరుగుతోందో చూడమన్నదే ఆయన పని మనకు నేర్పే పాఠం.

నువ్వూ చూడు. వెనక రెయిలింగుకు ఫోన్ గట్టిగా బిగించి వీడియో తియ్యి. నడుస్తున్న పడవలో నువ్వుగానీ మరొకరుగానీ వెనక్కి వంగి తొంగిచూడటం వద్దే వద్దు. మోటారు వాలు సరిచేసి (ట్రిమ్ చేసి), ప్లేటు గొట్టాలకు సమాంతరంగా ఉండేట్టు పెట్టి, నిలకడైన వేగంతో నేరుగా వెళ్లు. ఆ తర్వాత రెండువైపులా మలుపులు తిప్పు. ప్లేటు ఎక్కడుందో, నీళ్లు ఎటు చిమ్ముతున్నాయో ఆ వీడియోలో తెలిసిపోతుంది.

ఎత్తు మార్చడం ఒడ్డు మీద, ట్రైలర్ మీద చేసే పని. మోటారు బ్రాకెట్‌కు పై వరసలో ఒకదాని కింద ఒకటిగా రంధ్రాలుంటాయి. వాటి మధ్య ఎడం ముప్పావు అంగుళం. బోల్టు అన్నిటికన్నా పై రంధ్రంలో ఉందంటే మోటారు అట్టడుగున వేలాడుతున్నట్టు. ఒక్కో రంధ్రం కిందికి మారిస్తే మోటారు ముప్పావు అంగుళం పైకి లేస్తుంది. నీ ఫొటోలో బోల్టులు పై రంధ్రాల్లోనే ఉన్నాయి. ఎవరో బిగించి వదిలేశారు, నీళ్ల మీద సరిచూడలేదు. పాడ్ అడుగున పొడవాటి స్కేలుబద్ద ఆనించి, ప్లేటు దానికి ఎంత కిందుందో కొలిచి రాసుకో. ఆ రెండూ సమమయ్యే ఎత్తు దగ్గర మొదలుపెట్టు. ఆపైన ఒక్కో రంధ్రం చొప్పున పెంచుకుంటూ, ప్రతిసారీ నీళ్లలోకి దింపి చూడు. మలుపులో పట్టు తప్పడం మొదలైతే ఒక్కటి దించు. అదే నీ పడవ ఎత్తు.

ఈ పని ఒంటరిగా చేయకు. ఆ మోటారు 350 పౌండ్లకు పైమాటే. హాయిస్ట్‌కు వేలాడదీసి, బరువంతా దాని మీద పడ్డాకే బోల్టులు విప్పాలి. మోటారుకూ పాడ్‌కూ మధ్య వేళ్లు పెట్టకూడదు. స్టీరింగ్, గేరు కేబుళ్లు, పెట్రోలు గొట్టం కొత్త ఎత్తులో బిగుసుకుపోతున్నాయేమో అటూ ఇటూ తిప్పి చూడు. తిరిగి బిగించేటప్పుడు పాత బోల్టు రంధ్రాలకు మెరైన్ సీలెంట్ పెట్టాలి. హాయిస్ట్ లేకపోతే గంట పనికి మెకానిక్‌కు డబ్బివ్వు, పక్కన నిలబడి చూసి నేర్చుకో.

ఎత్తు కుదిరాకే ప్రొపెల్లర్. ఎత్తు సరిచేయకుండా ప్రొపెల్లర్ మారిస్తే, ఏది దేనివల్ల మారిందో నీకు ఎప్పటికీ తెలియదు.

ప్రొపెల్లర్ మీద రెండంకెలుంటాయి. మొదటిది వ్యాసం, రెండోది పిచ్. రెండూ అంగుళాల్లోనే. మరమేకు చెక్కలో ఒక్క చుట్టుకు కొంత లోపలికి దిగినట్టే, ప్రొపెల్లర్ ఒక్క చుట్టుకు ఎంత ముందుకు పోవాలో ఆ దూరమే పిచ్. నీళ్లు చెక్కలాగా గట్టివి కావు గనుక కొంత జారుడు ఉంటుంది. దాన్నే స్లిప్ అంటారు. పిచ్ ఎక్కువైతే ఒక్క చుట్టుకు ఎక్కువ దూరం, కానీ మోటారు మీద భారం ఎక్కువ. పిచ్ తగ్గితే మోటారు తేలిగ్గా తిరుగుతుంది, బరువును త్వరగా లేపుతుంది.

ఇప్పుడు నీ లెక్క చూద్దాం. ఆర్పీఎంను పిచ్‌తో గుణించి, దాన్ని గేర్ నిష్పత్తిని 1,056తో గుణించగా వచ్చిన అంకెతో భాగిస్తే, జారుడే లేకపోతే గంటకు ఎన్ని మైళ్లు పోవాలో వస్తుంది. 1,056 ఎక్కడిదంటే, మైలుకు 63,360 అంగుళాలు, గంటకు 60 నిమిషాలు, మొదటిదాన్ని రెండోదానితో భాగించగా వచ్చింది. నీ ప్రొపెల్లర్ పిచ్ 14, గేర్ నిష్పత్తి 2.07, ఎనిమిది మందితో పూర్తి థ్రాటిల్‌లో 4,700 ఆర్పీఎం. లెక్క ప్రకారం 30 మైళ్లు రావాలి. వస్తున్నది 20. అంటే మూడోవంతు జారుడుకే పోతోంది. పాంటూన్లకు స్లిప్ ఎక్కువే గానీ, ఇది మరీ ఎక్కువ.

వేగం కన్నా ముఖ్యమైన అంకె ఆ 4,700. నీ మోటారు పుస్తకంలో పూర్తి థ్రాటిల్‌లో 5,000 నుంచి 6,000 దాకా తిరగాలని ఉంది. ఆ కింది గీతను కూడా అది అందుకోవడం లేదు. పూర్తి థ్రాటిల్ ఇచ్చి తక్కువ ఆర్పీఎం దగ్గర పట్టి ఉంచితే సిలిండర్ల మీద ఒత్తిడి, వేడి పెరుగుతాయి, మోటారు ఆయుష్షు తగ్గుతుంది. నువ్వు మామూలుగా తీసుకెళ్లే బరువుతో ఆ హద్దుల మధ్యనో, కాస్త పైసగంలోనో తిరిగేదే నీకు సరైన ప్రొపెల్లర్. ఒక్కణ్ణే నడిపినప్పుడు 6,000 దాటకూడదు.

పిచ్ ఒక అంగుళం తగ్గిస్తే సుమారు 150 నుంచి 200 ఆర్పీఎం పెరుగుతుంది. మోటారు ఎత్తడం వల్ల ఈడ్పు తగ్గి కొంత పెరుగుతుంది. అందుకని 11 పిచ్‌తో మొదలుపెట్టమంటాను. 5,300 దరిదాపుల్లోకి రావాలి. గరిష్ఠ వేగం ఒకటి రెండు మైళ్లే పెరగొచ్చు. కానీ పడవ వెంటనే లేస్తుంది, పిల్లలను ట్యూబు మీద లాగేటప్పుడు మోటారు రొప్పదు. నీకు కావలసింది అదే కదా.

రెక్కలు మూడా, నాలుగా? నాలుగైతే నీటిలో పట్టు ఎక్కువ, మలుపులో తొందరగా గాలి మింగదు, తక్కువ వేగంలోనూ పడవను లేపి ఉంచుతుంది. గరిష్ఠ వేగం కొద్దిగా తగ్గుతుంది, అదే పిచ్‌లో ఆర్పీఎం కొంత పడుతుంది. కుటుంబంతో తిరిగే నీకు నాలుగు రెక్కలదే మేలు. అయితే ముందు అరువు తెచ్చి చూడు. వాడి చూడటానికి ఇచ్చే దుకాణాలు ఉన్నాయి, అడుగు.

స్టెయిన్‌లెస్ స్టీలు రెక్కలు పలుచగా ఉన్నా బరువుకు వంగవు, అందుకే పనితనం మెరుగు. కానీ మీ టెక్సాస్ చెరువులు ఎక్కువగా ఆనకట్టల వెనక నిలిచినవి. నీరు తగ్గిన ఏడాది మునిగిన మొద్దులు పైకొస్తాయి. అల్యూమినియం రెక్క వంగితే తక్కువలో పోతుంది. కొలతలు తేలేదాకా అల్యూమినియంతోనే నడుపు. తర్వాత స్టీలు కొన్నా, పాతదాన్ని నట్టు, రెంచితో సహా పడవలోనే ఉంచు.

ప్రొపెల్లర్ మార్చేటప్పుడు తాళంచెవి తీసి, బ్యాటరీ తీగ విప్పి, రెక్కకూ ప్లేటుకూ మధ్య చెక్కముక్క అడ్డుపెట్టి నట్టు తిప్పు. ఇరుసుకు చేపల గాలపు దారం చుట్టుకుని ఉందేమో చూడు. అది సీలును కోసి గేర్లలోకి నీళ్లు పంపుతుంది. నీళ్లకు కరగని గ్రీజు రాసి, థ్రస్ట్ వాషర్ మరిచిపోకుండా, పుస్తకంలో చెప్పినంత బిగువుతో బిగించు.

పరీక్షించేటప్పుడు ఒక్కసారికి ఒక్కటే మార్చు. అదే మనుషులు, అంతే పెట్రోలు. వేగం జీపీఎస్‌తో చూడు. గాలికి ఎదురుగా ఒకసారి, గాలివాటున ఒకసారి వెళ్లి సగటు తియ్యి. రంధ్రం, పిచ్, ఆర్పీఎం, వేగం, మలుపులో పట్టు, ఈ ఐదూ ఒక కాగితం మీద రాసుకో.

మోటారును ఆపే కిల్ స్విచ్ తాడు తగిలించుకోకుండా థ్రాటిల్ తోయకు. 26 అడుగుల లోపు పడవలు వేగంగా నడిచేటప్పుడు దాన్ని వాడాలని 2021 ఏప్రిల్ 1 నుంచి అమెరికా అంతటా చట్టముంది. 13 ఏళ్ల లోపు పిల్లలకు లైఫ్ జాకెట్ మీ రాష్ట్రంలో తప్పనిసరి. ముందు గేటు దాటి ఎవరినీ కూర్చోనివ్వకు. అక్కడినుంచి జారితే నేరుగా గొట్టాల కిందికి, ఆపైన ప్రొపెల్లర్ దగ్గరికే పోతారు.

ముందు ఎత్తు, తర్వాత పిచ్, ఆ తర్వాత రెక్కలు. ఈ వరస తప్పకు. కొత్త మోటారుకు ఒక్క డాలరు కట్టేముందు ఆ కాగితం నాకు పంపు. ఇద్దరం కూర్చుని తేల్చుదాం.

ఇట్లు,
నీ మామయ్య