పది నిమిషముల పరిశోధన ప్రసంగము

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములనుండి వచ్చి మావద్ద చదివి, పై చదువులకు విశ్వవిద్యాలయములకు వెళ్ళిన విద్యార్థులు సెలవులలో వచ్చినపుడు మమ్ము తరచు అడుగు ప్రశ్న యొకటి కలదు: "సార్, సెమినార్ల పేపర్ చదువుమన్నరు. పదే నిమిషాలిచ్చిన్రు. ఏం చెప్పాలె?" పరిశోధనకు పూనుకొన్న ప్రతివారికిని ఎదురగు పరీక్ష యిది. దీనిని గూర్చి మాకు తెలిసిన నాలుగు మాటలు ఇచట వ్రాయుచున్నాము.

మొదట మా పొరపాటునే చెప్పెదము. ఎం.ఏ. చదువునాడు, పాలమూరు సీమలో ముస్లింలు తెలుగున కట్టిన తత్త్వములను గూర్చి మేము ప్రసంగింపవలసి వచ్చినది. వనపర్తి దాపునగల ఒక పల్లెలో ఒక పెద్దమనిషి తన తాతగారి తత్త్వములు వ్రాసియున్న పాత నోటుపుస్తకమును మాకిచ్చి, అందలి పాటనొకదానిని స్వయముగా పాడి వినిపించినారు. అది ఎచటను అచ్చు కాలేదు. మేము ఉత్సాహముతో పండ్రెండు పుటలు వ్రాసికొంటిమి. తత్త్వమను పదమునకు అర్థమేమి, వేమన యెవరు, వీరబ్రహ్మము యెవరు, ఆయన శిష్యుడు దూదేకుల సిద్దయ్య యెవరు అనునవి ముందు పెట్టితిమి. ఆ పాట పదకొండవ పుటలో నుండెను. అయిదవ పుట ముగియుచుండగనే గంట మ్రోగినది.

నోటుపుస్తకమును తిరిగి యిచ్చుటకు వెళ్ళినపుడు ఆ పెద్దమనిషి, "మా దాదా పాట వినిపించినవా, బేటా?" అని అడిగినారు. సమయము చాలలేదంటిమి. "నీ మాటలకు టైము దొరికె, దాదా పాటకు దొరకకపాయె" అని మెల్లగా నవ్వినారు. ఆ నవ్వు మాకు నేర్పిన పాఠమే యీ వ్యాసము.

చిన్న ప్రసంగము పెద్ద గ్రంథమునకు సంక్షేపము కాదు. వందల పుటలను పది నిమిషములకు కుదించినచో మిగులునవి శీర్షికలు మాత్రమే. ప్రసంగమునకు కావలసినవి మూడు: ఒక ప్రశ్న, దానికి మీరు స్వయముగా సేకరించిన ఆధారము, ఆ ఆధారమునుండి తేలిన విషయము. ఉర్దూ విద్యార్థులకీ సంగతి కొత్త కాదు. గజల్‌లోని షేర్ రెండు పంక్తులే అయినను తనంతట తాను పూర్తియగును. గజలంతయు తానే చెప్పవలెనని అది యత్నింపదు.

ప్రశ్న సూటిగా నున్నచో సమాధాన మెంత బలముగా నుండునో తెలిసికొనుటకు మన సీమలోనే గొప్ప నిదర్శనము కలదు. నిజాం రాష్ట్రమున తెలుగు కవులే లేరని ఒకరు వ్రాసిన మాటకు, గద్వాల ప్రాంతపు ఇటిక్యాలపాడుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డిగారు 1934లో 'గోలకొండ కవుల సంచిక'తో సమాధానమిచ్చిరి. అందు 354 మంది కవుల వివరములు, రచనలు చోటుచేసికొన్నవి. 1952లో వనపర్తినుండి శాసనసభకు ఎన్నికైనవారును ఈయనయే. ఆయన ఆవేశముతో వాదమునకు దిగవచ్చును. దిగక, కవులను చూపినారు. ప్రశ్న 'ఉన్నారా, లేరా?' అను ఒక్కటే. దానికి సమాధానము పేర్లు, ఊళ్ళు, పద్యములు. పరిశోధనకు ఇంతకు మించిన నమూనా మాకు కనబడదు.

ఇక విషయమును ఇరుకు చేయుట. 'గద్వాల చీరల చరిత్ర' పది నిమిషములకు లొంగదు. నూలు ఒడలికి పట్టు అంచును మగ్గముపైననే కలుపు పనితనమున ఏ పనికి నేతగాండ్రు ఏ మాట వాడుదురు అనునది లొంగును. ఒక్క మగ్గముకడ నాలుగు దినములు కూర్చుండి విన్న మాటలను సభకు వినిపించినచో, ఏ పుస్తకమునను దొరకని దానిని మీరిచ్చినవారగుదురు.

కాలవిభజనము మేమిట్లు చేసికొందుము: ప్రశ్నకు ఒక నిమిషము, పూర్వరంగమునకు రెండు, ఆధారమునకు అయిదు, మీ పరిశోధన హద్దులకు ఒకటి, ముగింపునకు ఒకటి. చేతివ్రాత పుట చదువుటకు మాకు రెండు నిమిషములు పట్టును. కనుక అయిదు పుటలకు మించి వ్రాయరాదు. వ్రాసినదానిని గడియారము ముందుంచుకొని బిగ్గరగా చదువుడు. పిదప మీ శాఖకు చెందని మిత్రునికి వినిపింపుడు. తెలుగు విద్యార్థి ఉర్దూ విద్యార్థికి, ఉర్దూ విద్యార్థి తెలుగు విద్యార్థికి వినిపించుట మన కళాశాలలో సులభము. విన్నవాడు మీ ప్రశ్నను తన మాటలలో తిరిగి చెప్పగలిగెనా, ప్రసంగము సిద్ధమైనట్లే.

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయము 2008లో ఒక పోటీని ప్రారంభించినది. పరిశోధకుడు తన సిద్ధాంతవ్యాసమును మూడే నిమిషములలో, ఒకే ఒక కదలని స్లయిడుతో, సామాన్య శ్రోతకు చెప్పవలెను. కాలము మించినచో పోటీకి దూరము. అట్టి పోటీ పిదప అనేక దేశములకు వ్యాపించినది. వారికి మూడు నిమిషములు చాలినపుడు మనకు పది చాలవనుట న్యాయము కాదు.

ప్రసంగానంతరము వచ్చు ప్రశ్నలకు జంకనవసరము లేదు. మన సంస్థానములు అవధానములను ఆదరించినవి. అష్టావధానమున పృచ్ఛకుడు అవధానికి శత్రువు కాడు. అతడు లేనిదే అవధానమే లేదు. అప్రస్తుత ప్రసంగము చేయువాడు సెమినారులోను ఒకడుండును. చిరునవ్వుతో విని, క్లుప్తముగా బదులిచ్చి, విషయమునకు మరలుడు. తెలియనిదానిని తెలియదనుట అవమానము కాదు. తెలిసినట్లు నటించుటయే అవమానము.

ఒక్క మాట మరువకుడు. పల్లెలో మీకు పాటనో మాటనో ఇచ్చినవారు సభలో ఉండరు. వారి పక్షమున అచట నిలుచున్నది మీరే. మీ పాండిత్యమునకు సమయము తగ్గినను తగ్గనిండు, వారి సొత్తుకు తగ్గనీయకుడు.

మరుసటి సంవత్సరము మరియొక సభలో మేము ఆ తత్త్వమును చదివియే ప్రసంగము మొదలుపెట్టితిమి. వేమనకు ఒక వాక్యము, సిద్దయ్యకు ఒక వాక్యము మిగిలినవి. గంటకు ముందే ముగించితిమి. ఆ వార్త చెప్పుటకు పల్లెకు వెళ్ళితిమి. "అందరు విన్నరా?" అని పెద్దమనిషి అడిగినారు. విన్నారంటిమి. ఆయన మరేమియు అనక లోపలికి వెళ్ళి, ఇంకొక నోటుపుస్తకము తెచ్చి మా చేతిలో పెట్టినారు.